మజ్‌హూల్ వేరు, కజ్జాబ్ వేరు

మన ఇళ్లలో కంప్యూటర్ బాగుచేసే తరీఖా ఒకటే. ఏదైనా ప్రోగ్రామ్ నడవకపోతే దుకాణం నుంచి పిల్లోడొస్తాడు. డిఫెండర్ బంద్, ఫైర్‌వాల్ బంద్. “అబ్ చలేగా ఖాలా” అని రెండొందలు జేబులో వేసుకుని పోతాడు. నిజమే, ప్రోగ్రామ్ నడుస్తుంది. దాంతోపాటు ఏది పడితే అది కూడా నడుస్తుంది. ఒక్క మెహమాన్‌ని లోపలికి పిలవడానికి దర్వాజా పీకేసి పోయాడన్న సంగతి ఖాలాకు ఎవరు చెప్పాలి?

ముందు ఆ నీలం డబ్బా ఏమంటోందో చదువుదాం. ‘విండోస్ ప్రొటెక్టెడ్ యువర్ పీసీ’ అని వస్తుంది. అది చూసి వైరస్ దొరికిందని ఘబ్రా అయిపోతారు. అక్కడ ఆ మాటే లేదు. స్మార్ట్‌స్క్రీన్ అనే చౌకీదార్ ప్రధానంగా రెండు సంగతులు చూస్తాడు: ఈ ఫైల్ మీద తయారుచేసినవాడి డిజిటల్ దస్తఖత్ ఉందా, దీన్ని ఇంతకుముందు తగినంతమంది దించుకున్నారా. లక్షలమంది వాడే బ్రౌజర్‌కి సలాం కొట్టి దారిస్తాడు. మన కుర్రాడెవడో తయారుచేసిన ఉర్దూ కీబోర్డ్, మద్రసా ఫీజుల లెక్కల ప్రోగ్రామ్, నమాజు వేళల క్యాలెండర్ వస్తే మాత్రం ‘అన్‌నోన్ పబ్లిషర్’ అని ఆపేస్తాడు. దోషం దొరికి కాదు, పెహచాన్ లేక. కిరాయి ఇంటికోసం వెళ్లి, పేరు చెప్పగానే ఓనర్ మొహం మారడం చూసినవాళ్లకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

హదీసు ఇల్మ్‌లో మన ముహద్దిసీన్ ఈ ఫరక్ వందల ఏళ్ల కిందటే తేల్చారు. ఎవరో తెలియని రావీ మజ్‌హూల్. అబద్ధాలకోరు కజ్జాబ్. ఇద్దరినీ ఒకే గాటన కట్టలేదు. అలాగని మజ్‌హూల్ చెప్పినదాన్ని కళ్లుమూసుకుని ఖుబూల్ చేయనూ లేదు. తహ్‌ఖీఖ్ చేశారు. నా జగడా ఇక్కడే: పెద్ద కంపెనీలు మజ్‌హూల్‌ని కజ్జాబ్‌లా భయపెట్టి చూపిస్తాయి, మన దుకాణం పిల్లోడు కజ్జాబ్‌కి కూడా దర్వాజా తీస్తాడు. తహ్‌ఖీఖ్ ఇద్దరికీ పట్టదు.

పెహచాన్ కూడా సరుకే మరి. దస్తఖత్ సర్టిఫికెట్‌కి ఏటా వందల డాలర్లు పోయాలి. ఆపిల్ దగ్గరైతే డెవలపర్‌గా ఏడాదికి 99 డాలర్లు. ఉర్దూ-తెలుగు లుగత్ తయారుచేసి ముఫ్త్‌గా పంచేవాడు ఎక్కడినుంచి తెస్తాడు? పోనీ దస్తఖత్ ఉంటే నిజాయితీ ఉన్నట్టేనా? 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ వైరస్ రియల్‌టెక్, జేమైక్రాన్ కంపెనీల నుంచి దొంగిలించిన సర్టిఫికెట్లతో తిరిగింది. 2017లో సీక్లీనర్ అసలు కంపెనీ దస్తఖత్‌తోనే, లోపల జహర్ కలిపిన రూపంలో 20 లక్షలకు పైగా కంప్యూటర్లలోకి చేరింది. సనద్ బాగుంది, రావీ బిక్ గయా.

ఇది విని “అయితే బంద్ చేయడమే సహీ” అనేవాళ్లకు ఇన్‌పేజ్ ఖిస్సా చెప్పాలి. 1994లో వచ్చిన ఈ ప్రోగ్రామ్ కాతిబ్‌ల కలం నుంచి ఉర్దూ పత్రికల్ని, షాదీ రుఖ్ఖాల్ని కంప్యూటర్‌కి తెచ్చింది. ఛత్తాబజార్‌లో పనిచేసేవాళ్లకు దాని విలువ తెలుసు. కానీ ఊళ్లలో ఎక్కువగా తిరిగేది చోరీ కాపీ. జిప్ తెరిస్తే మొదటి హిదాయత్ “యాంటీవైరస్ బంద్ చేయండి”. దొంగ వచ్చి ముందు కుక్కని కట్టేయమన్నట్టుంది! 2016లో కాస్పర్‌స్కీ పరిశోధకులు ఈ ఇన్‌పేజ్‌లోనే ఒక సూరాఖ్ పట్టుకున్నారు. ఉర్దూ డాక్యుమెంట్‌లా కనబడే ఫైల్ పంపి బ్యాంకుల మీదే హమ్లా చేశారు. “మన లిపిని ఎవడు పట్టించుకుంటాడు” అని బేఫికర్‌గా ఉన్నాం. పట్టించుకున్నారు. ఇక చోరీ కాపీ హుఖూఖుల్ ఇబాద్ కిందికొస్తుందా రాదా అన్నది మీ ఇమామ్ సాబ్‌ని అడగండి.

మరి భరోసా ఉన్న ప్రోగ్రామ్ ఆగిపోతే? చేసినవాడి అసలు సైట్ నుంచే తెచ్చామా చూడండి. వాట్సాప్‌లో మామూ పంపిన ఫైల్ వద్దు. ఆ ఇన్‌స్టాల్ ఫైల్‌ని వైరస్‌టోటల్‌లో వేస్తే డజన్లకొద్దీ యాంటీవైరస్‌లు ఒకేసారి గవాహీ ఇస్తాయి (ఇంటి కాగజాతు, ఫొటోలు మాత్రం అందులో వేయకండి, ఇతరుల చేతికి పోతాయి). దిల్ కుదిరాక ‘మోర్ ఇన్ఫో’, తర్వాత ‘రన్ ఎనీవే’. అంతే, ఆ ఒక్కదానికే ఇజాజత్. ‘థ్రెట్ ఫౌండ్’ అని వస్తే మాత్రం అది మజ్‌హూల్ కాదు, ఇల్జామ్ పడ్డట్టు. అక్కడే ఆగండి.

ఇంకో తక్లీఫ్: ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది, డాక్యుమెంట్స్‌లో సేవ్ కాదు. దానికి ఒక కారణం ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ కావచ్చు. విండోస్ సెక్యూరిటీలో వైరస్ ప్రొటెక్షన్ తెరిచి, కింద రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్‌కి వెళితే ‘అలౌ యాన్ యాప్’ అని ఉంటుంది. మీ ప్రోగ్రామ్‌ని అక్కడ చేర్చండి. పహరా అలాగే ఉంటుంది, పని అవుతుంది.

విండోస్ 11లో 2022లో తెచ్చిన స్మార్ట్ యాప్ కంట్రోల్ మీద మాత్రం నా గుస్సా తగ్గదు. ఒక్క ప్రోగ్రామ్‌కి ఇజాజత్ ఇచ్చే రాస్తానే పెట్టలేదు. పూర్తిగా ఆపాలి, ఆపితే మళ్లీ వెలిగించడానికి మొదట్లో విండోస్ కొత్తగా వేయాలన్నారు. ఇలాంటి కానూన్ చేసి, జనం పహరా తీసేస్తున్నారని ఫిర్యాదు చేసే హఖ్ మైక్రోసాఫ్ట్‌కి ఎక్కడిది? చిన్న భాషల్లో ముఫ్త్‌గా పనిచేసేవాళ్లకు సర్టిఫికెట్ ముఫ్త్‌గా ఇవ్వడానికి ఆ ఖజానాకి ఏం లోటు?

ఈసారి దుకాణం పిల్లోడొస్తే పక్కన కుర్సీ వేసుకుని కూర్చోండి. “బేటా, డిఫెండర్ ముట్టుకోకు, ఈ ఒక్కదానికే ఇజాజత్ ఇచ్చి చూపించు” అనండి. రాదంటే చాయ్ తాగించి పంపండి, రెండొందలు ఇవ్వకండి.