బిల్లుకు ఫోన్ నంబరెందుకు?

నిమ్మనపల్లె అంగడాయనకు మన ఇంటి గుట్టంతా తెలుసు. ఎవరింట్లో పెళ్లి, ఎవరికి షుగరు, టమాటా డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది, అన్నీ ఎరుకే. కానీ ఆయనెవరో మనకూ తెలుసు. మదనపల్లె సూపర్ మార్కెట్లో "నంబరు చెప్పండి సార్" అన్నప్పుడు లెక్క వేరు. ఆ పది అంకెల కింద మన కొనుగోళ్లన్నీ చేరతాయి. డయాపర్లు కొంటే ఇంట్లో పసిబిడ్డ ఉందని కంప్యూటరు ఊహిస్తుంది. దాన్నిబట్టే ఆఫర్ల మెసేజీలు వస్తాయి.

నంబరు ఇస్తేనే బిల్లు అనడం తగదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే వ్యాపారులకు చెప్పింది. నమ్మి చెప్పిన వివరాలను చట్టం అనుమతించని రీతిలో ఇతరులకు ఇవ్వడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, భద్రతలో విఫలమైన సంస్థలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించవచ్చంటుంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలకు మాత్రం పద్దెనిమిది నెలల గడువిచ్చారు.

ఈ సంచికలో ఆ చట్టాలనే సామాన్యుడి వైపు నుంచి చూశాం. రాయితీ కోసం నంబరు ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. బిల్లు మాత్రం మీ హక్కు. బలవంతపెడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

– సంపాదకుడు