ఊ కొడితే ఒప్పుకున్నట్టేనా?

అమ్మమ్మ కథ చెబుతుంటే పిల్లలు 'ఊ' కొడతారు. 'వింటున్నాను, తర్వాతేమైంది?' అని దానర్థం. అంతేగానీ కథలో రాక్షసుడు చేసిన పనిని ఒప్పుకున్నట్టు కాదు. పెద్దయ్యాక కూడా ఆ అలవాటు పోదు. ఫోన్లో అవతలివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ 'ఆ... ఆ... సరే... సరే' అంటూనే ఉంటారు తెలుగువాళ్లు. తెలుగులో దానివల్ల ఇబ్బందేమీ లేదు. 'యెస్... యెస్... ఓకే...' అంటూ దాన్ని యథాతథంగా ఇంగ్లిషులోకి దించేసినప్పుడే చిక్కంతా! అమెరికాలోని క్లయింటు 'శుక్రవారానికి పని అయిపోవాలి' అంటాడు. హైదరాబాద్‌లోని కుర్రాడు 'యెస్, యెస్' అంటాడు. 'మీరు చెప్పింది వినబడింది' అని ఇతని ఉద్దేశం. 'మాట ఇచ్చేశాడు' అని అతని లెక్క. శుక్రవారం రానే వస్తుంది...

ఇలాంటి గందరగోళం తమకు పనికిరాదనే విమానాలు నడిపేవాళ్లు మాటల్ని విడివిడిగా పంచేసుకున్నారు. వాళ్ల రేడియో భాషలో 'రోజర్' అంటే 'మీరు చెప్పిందంతా అందింది' అని మాత్రమే. సినిమాలు చూసి చాలామంది దాన్ని 'సరే' అనుకుంటారు గానీ, కాదు. 'అలాగే చేస్తాను' అనడానికి 'విల్కో' ఉంది. ఔననడానికి 'అఫర్మ్', కాదనడానికి 'నెగెటివ్', చెప్పినట్టు చేయడం కుదరదంటే 'అనేబుల్'. ఆఫీసులో 'రోజర్' అంటే నవ్వుతారేమో గానీ, ఆ పని చేసిపెట్టే మామూలు మాటలు బోలెడు. 'ఐ సీ', 'ఐ సీ వాట్ యూ మీన్' అంటే వినడం వరకే. 'ఐ అగ్రీ', 'వుయ్ విల్ డూ ఇట్' అంటే ఒప్పుకోవడం. ఎటూ తేల్చుకోకపోతే 'లెట్ మీ చెక్ అండ్ గెట్ బ్యాక్ టు యూ'. అన్నట్టు, 'ఐ యామ్ అగ్రీ' తప్పు. 'ఐ యామ్ అగ్రీయింగ్ విత్ యూ' కూడా తప్పే. ఇక 'ఐ కుడ్‌న్ట్ అగ్రీ మోర్' అని ఎవరైనా అంటే కంగారు పడక్కర్లేదు. 'ఇంతకంటే ఎక్కువగా ఒప్పుకోవడం నావల్ల కాదు' అని, అంటే నూటికి నూరుపాళ్లూ ఔనని!

ఔను, కాదుల్లోనే ఇంకో మెలిక ఉంది. 'కాఫీ తాగవా?' అంటే తెలుగులో 'ఆ, తాగను' అంటారు. అడిగినవాళ్ల ఊహ నిజమేనని చెబుతోంది ఆ 'ఆ'. ఇంగ్లిషుకు అడిగినవాళ్ల ఊహతో పనిలేదు, జరిగిన విషయంతోనే పని. తాగకపోతే 'నో, ఐ డోంట్'. తాగితే 'యెస్, ఐ డూ'. 'హావెంట్ యూ సెంట్ ది మెయిల్?' అని బాసు అడిగినప్పుడు, పంపనివాడు 'యెస్' అని ఊరుకుంటే పంపేశాడనే అర్థం. 'డూ యూ మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?' అన్నవాళ్లను కూర్చోమనాలంటే 'నో, నాట్ ఎట్ ఆల్' అనాలి. మర్యాదకు పోయి 'యెస్' అన్నారో, పాపం వాళ్లు నిలబడే ఉంటారు.

నిజానికి ఔననడం తేలికే. కాదనడమే కష్టం. తెలుగులో ఆ కష్టాన్ని 'అండీ' తీర్చేస్తుంది. 'కాదండీ' అంటే పెద్దవాళ్లు కూడా నొచ్చుకోరు. ఇంగ్లిషులో 'అండీ' లేదు. 'నో' పక్కన 'సార్' తగిలిస్తే సరిపోతుందనుకుంటారు గానీ, ఆ 'నో' మొహాన కొట్టినట్టే ఉంటుంది. అక్కడ 'అండీ' చేసే పనిని మరికొన్ని మాటలు చేస్తాయి. 'ఐయామ్ అఫ్రెయిడ్ ఐ డోంట్ అగ్రీ' అన్నారంటే భయపడినట్టు కాదు, 'ఏమీ అనుకోకండి' అన్నట్టు. ఇంటర్వ్యూలో 'యూ ఆర్ రాంగ్' అనే బదులు 'ఐ సీ ఇట్ ఎ లిటిల్ డిఫరెంట్లీ' అనొచ్చు. మీటింగులో 'ఐయామ్ నాట్ షూర్ అబౌట్ దట్' చాలు. స్నేహితుల మధ్య ఈ మర్యాదలేవీ అక్కర్లేదు. 'నో వే!', 'కమాన్!' అనేసుకుంటారు. 'యా, రైట్!' అని సాగదీస్తే మాట ఔనంటున్నా గొంతు కాదంటోందన్నమాట.

కోర్టుల్లో, చట్టసభల్లో కథ వేరు. అక్కడ 'ఐ బెగ్ టు డిఫర్' అంటారు. 'విత్ ది గ్రేటెస్ట్ రెస్పెక్ట్' అని బ్రిటిష్ లాయరు మొదలెట్టాడంటే గౌరవం పెరిగిందని మురిసిపోకూడదు, గట్టిగా కాదనబోతున్నాడని గ్రహించాలి. బ్రిటన్ పార్లమెంటులో తోటి సభ్యుణ్ని అబద్ధాలకోరు అనడానికి వీల్లేదు. 1906లో చర్చిల్ అక్కడ 'టెర్మినలాజికల్ ఇనెగ్జాక్టిట్యూడ్' అన్నాడు. పరిభాషలో కచ్చితత్వం లోపించడం అని! ఆ తర్వాత ఆ మాట అబద్ధానికి గౌరవనీయమైన మారుపేరై కూర్చుంది.

అయితే మెత్తదనానికీ ఓ హద్దుంది. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో మంచు కురుస్తోంది. ఎయిర్ ఫ్లోరిడా విమానం రన్‌వే మీద పరుగు తీస్తోంది. మంచు అడ్డుపడడంతో ఇంజిన్ల శక్తిని చూపే మీటర్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తున్నాయి. కోపైలట్‌కు అనుమానం వచ్చింది. 'అది సరిగ్గా ఉన్నట్టు లేదు కదా?' అన్నాడు. 'సరిగ్గానే ఉంది' అన్నాడు కెప్టెన్. 'కాదు, నాకలా అనిపించడం లేదు' అన్న కోపైలట్, ఆ వెంటనే 'ఏమో, సరైందేనేమో' అని తగ్గిపోయాడు. కాసేపటికే విమానం వంతెనను ఢీకొని పొటోమాక్ నదిలో పడింది. వంతెన మీదున్న నలుగురితో కలిపి 78 మంది చనిపోయారు. ఇద్దరు పైలట్లకూ మాతృభాష ఇంగ్లిషే. మాటలు రాక కాదు, పైవాణ్ని గట్టిగా కాదనలేకే!

పైలట్ల శిక్షణలో ఈ ప్రమాదాన్ని తరచూ ఉదాహరణగా చెబుతారు. పైవాళ్లను కాదనడానికి ఓ వరసా నేర్పుతారు. ముందు పిలవాలి. ఆందోళన చెప్పాలి. విషయం చెప్పాలి. ఏం చేయాలో చెప్పాలి. చివర్లో ఎదుటివారి ఒప్పుదల అడగాలి. మొదట్లో చూసిన కుర్రాడికి కూడా ఇది పనికొస్తుంది: 'డేవిడ్, ఐయామ్ వర్రీడ్ అబౌట్ ఫ్రైడే. టెస్టింగ్ నీడ్స్ టూ మోర్ డేస్. ఐ సజెస్ట్ వుయ్ డెలివర్ ఆన్ ట్యూస్‌డే. డజ్ దట్ వర్క్ ఫర్ యూ?' క్లయింటును పేరుపెట్టి పిలవడం అమెరికాలో అమర్యాదేమీ కాదు. ఇందులో ఎక్కడా 'మేబీ' లేదు, 'యూ ఆర్ రాంగ్' కూడా లేదు. జవాబుగా అటునుంచి 'ఫెయిర్ ఇనఫ్' అని వినిపించిందా... అంత ఇష్టంగా కాకపోయినా ఒప్పుకున్నాడనే అర్థం.