"కుదరదు" అన్నారా? అయితే రాసియ్యమనండి



ఈసారి ఎకరాల గురించి కాదు, ఒక అర్ర గురించి రాస్తున్నా. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. కొడుకు పెళ్లయితే కోడలికి ఒక అర్ర కావాలి. బిడ్డ కాన్పుకు వస్తే ఒక చాటు కావాలి. హాస్టల్లో చదివే పిల్ల ఎండాకాలం సెలవులకు ఇంటికొస్తే బట్టలు మార్చుకునే జాగా కావాలి. పట్నంల ఇల్లు చాలకపోతే పైన ఇంకో అంతస్తు లేపుతారు. మన ఇళ్లు మట్టిగోడలు, పెంకులు, రేకులు. వాటి మీద అంతస్తు నిలబడదు కాబట్టి మన ఇల్లు పక్కకే పెరుగుతది. పక్కకు పెరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చి "ఇది ఎవరి జాగ?" అని అడుగుతరు.

ఆ అడిగినాయన చెప్పే మాట ఒకటే: "కుదరదు." గంతే. నోటిమాట. కాగితం ఉండదు, తారీఖు ఉండదు, ఏ చట్టం, ఏ సెక్షన్ అనేది ఉండదు. మనోళ్లు కూడా "సార్ వద్దన్నడు" అని చెప్పి సిమెంటు బస్తాలు పక్కింట్ల పెట్టి ఊకుంటరు. వానాకాలం వచ్చేసరికి ఆ బస్తాలు గడ్డకడతయ్.

నేను చెప్పదలుచుకున్నది ఆ నోటిమాట గురించే. "కుదరదు" అని కాగితం మీద రాస్తే దాన్ని తిరస్కరణ అంటారు. దాని మీద అప్పీలు చేయొచ్చు. నోటితో అంటే అది బెదిరింపు, దాని మీద ఎక్కడికీ పోలేం. మన గూడేల్లో, తండాల్లో ఇండ్లు ఆగిపోతున్నది తిరస్కరణల వల్ల కాదు, ఈ రెండో రకం వల్ల. తిరస్కరించే ధైర్యం కూడా అవతలోళ్లు చేయట్లేదు. రాస్తే జవాబు చెప్పాల్సి వస్తదని వాళ్లకు మనకంటే బాగా తెలుసు.

ముందుగాల మన నర్సింహులపేట లెక్క చూద్దాం. ఇటు మైదాన మండలాల్లో అటవీ శాఖ గొడవ కంటే గ్రామకంఠం గొడవ ఎక్కువ. తాత ముత్తాతల నుంచి ఇల్లు ఉన్న జాగకు పట్టా ఉండదు. ఉన్నది ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు. పంచాయతీల అనుమతి అడిగితే మొదటి ప్రశ్నే "డాక్యుమెంట్ ఉందా?" 2018 ఆగస్టులో రాష్ట్రంలో వెయ్యికి పైగా తండాలు, గూడేలు కొత్త గ్రామ పంచాయతీలు అయినయ్. మన ఊర్లో మన రాజ్యం అని సంబురపడ్డం. మంచిదే. కానీ ఇంటికి అనుమతి ఇచ్చే అధికారం మన గడప దగ్గరికొచ్చినా, మన ఇంటి జాగకు కాగితం మాత్రం రాలేదు. అందుకే సర్పంచి మనోడే అయినా సంతకం పెట్టలేడు. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా సర్పంచులే లేరు, ప్రత్యేకాధికారుల పాలన. ఒక్కో అధికారికి ఇన్ని ఊర్లు అప్పజెప్పితే ఒక అర్ర దరఖాస్తు ఎవరు చూస్తరు?

ఇదే రాష్ట్రంలో పట్నంల ఎట్లుందో చూడండి. 2020లో టీఎస్-బీపాస్ చట్టం తెచ్చిన్రు. మున్సిపాలిటీల్లో 75 చదరపు గజాల లోపు జాగల ఇల్లు కట్టుకునేటోళ్లకు అనుమతే అక్కర్లేదు. ఆన్‌లైన్ల ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే సరిపోతది. 600 గజాల దాకా సొంత ధృవీకరణ మీద వెంటనే అనుమతి వస్తది. మానుకోట పట్టణంల ఉన్నాయనకు ఒక్క రూపాయి చాలు. ఆయన ఇంటికి కూలికి పోయే మన అక్కకు తన ఇంటి పక్కన అర్ర వేసుకోవాలంటే ముగ్గురు ఆఫీసర్ల చుట్టూ తిరగాలి. పేదోడి ఇంటిని నమ్మొచ్చు అని సర్కారే చట్టంల రాసుకుంది. ఆ నమ్మకం మున్సిపల్ హద్దు దాటి ఊర్లలోకి రాలేదు.

ఇగ తూర్పుకు పోతే, గూడూరు, బయ్యారం, గంగారం దిక్కు కథ వేరే ఉంటది. అక్కడ అడ్డం వచ్చేది బీట్ ఆఫీసర్. "ఇది ఫారెస్ట్ ల్యాండ్ అమ్మా, గోడ లేపొద్దు." పోడు పట్టా చూపిస్తే, "ఇది దున్నుకునేటందుకు ఇచ్చింది, ఇల్లు కట్టేటందుకు కాదు" అంటడు. చాలామంది ఈ మాట విని నిజమే కావచ్చు అనుకుంటరు. సగమే నిజం అది. ఆ మిగతా సగం ఏందో కొంచెం ఓపికగా చదవండి, ఈ పోస్టు రాసింది దీని కోసమే.

2006 అటవీ హక్కుల చట్టంల సెక్షన్ 3(1)(ఎ) తీసి చూడండి. అటవీ భూమిని "నివాసం కోసం లేదా సొంత సాగు కోసం" కలిగి ఉండి, అందులో బతికే హక్కు అని ఉంటది. నివాసం అనే మాటే ముందు ఉన్నది. చట్టం కింద మనం దరఖాస్తు పెట్టే ఫారం-ఎ లో కూడా అంతే. ఎంత భూమి ఆధీనంల ఉంది అని అడిగే కాడ రెండు గడులు ఉంటయ్. మొదటిది నివాసానికి, రెండోది సాగుకు. నేను చదివిన ఫారాల్లో చానామట్టుకు మొదటి గడి ఖాళీగనే ఉన్నది. 2021 నవంబరు 8 నుంచి డిసెంబరు 8 దాకా నెల రోజులు దరఖాస్తులు తీసుకున్నప్పుడు అందరికీ ఎకరాల మీదనే ధ్యాస. చేను ఎంత, హద్దులు ఏంది. ఇల్లు ఎప్పటినుంచో ఉన్నదే కదా, దాన్ని ఎవరు అడుగుతరు అనుకున్నరు. 2023 జూన్ 30న ఆసిఫాబాదులో మొదలుపెట్టి రాష్ట్రమంతా లక్షన్నర మందికి, నాలుగు లక్షల ఎకరాలకు పైగా పట్టాలు ఇచ్చిన్రు. చేనుకు పట్టా వచ్చింది. ఆ చేను దున్నేటోడు పండుకునే ఇల్లు మాత్రం చానా గూడేల్లో ఇప్పటికీ ఫారెస్ట్ లెక్కలోనే ఉన్నది.

దీంట్ల ఇంకో సంగతి ఉంది. 2012 సెప్టెంబర్ 6న ఈ చట్టం నియమాలను సవరించిన్రు. అందులో 12ఎ అనే నియమం ప్రకారం సాగు హక్కు అంటే ఒక్క దున్నే భూమి కాదు. పశువులను కట్టేసే జాగ, తూర్పారబట్టే కళ్లం, పంట దాచుకునే జాగ కూడా అందులోకే వస్తయ్. అంటే పోడు పట్టా ఉన్న చేలో పశువుల కొట్టం వేసుకున్నందుకు, వడ్లు దాచే అర్ర కట్టుకున్నందుకు "సాగుకే ఇచ్చింది" అని ఆపుతే, ఆపినాయనే నియమం చదవలేదన్నట్టు.

అయితే ఒకటి ఉన్నమాట చెప్పాలె. చట్టం ఇచ్చేది 2005 డిసెంబర్ 13 నాటికి మన ఆధీనంల ఉండి, ఇప్పటికీ ఉన్నదానికే. కొత్తగా చెట్లు కొట్టి ఇల్లు కడతానంటే ఈ చట్టం కాపాడదు, నేను కూడా దాని తరఫున రాయను. కానీ మన ఇల్లంటే నాలుగు గోడలేనా? వాకిలి, కోళ్ల గూడు, పశువుల కొట్టం, పెరట్ల కూరగాయల మడి, చింతచెట్టు నీడ, ఇవన్నీ కలిస్తేనే ఇల్లు. ఆ మొత్తం జాగను నివాసం గడిలో రాయించుకుంటే రేపు అర్ర పెరిగేది మన హద్దు లోపల్నే. రాయించుకోకపోతే సొంత వాకిట్లనే మనం ఆక్రమణదారులం.

"టైం అయిపోయింది, దరఖాస్తులు బంద్" అంటరు. క్లెయిములకు మూడు నెలల గడువు అని నియమాల్లో ఉన్నది నిజమే. అవసరమైతే కారణం రాసి ఆ గడువు పొడిగించే అధికారం గ్రామసభదే అని కూడా అక్కడే ఉన్నది. గ్రామసభ అంటే ఊరి పెద్దలు నలుగురు కూర్చునుడు కాదు. సభ్యుల్లో సగం మంది రావాలె, వచ్చినోళ్లలో మూడో వంతు ఆడోళ్లు ఉండాలె. అట్ల జరిగిన తీర్మానానికే బలం.

సాక్ష్యం ఏం పెట్టాలి అంటే, నియమం 13 చదవండి. ఓటర్ కార్డు, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు, అక్కడ ఉన్న ఇల్లు, గుడిసె, కట్టిన గట్లు, ఊరి పెద్దమనిషి రాతపూర్వకంగ ఇచ్చిన వాంగ్మూలం, అన్నీ సాక్ష్యాలే. రెండు రకాల సాక్ష్యాలు ఉండి, గ్రామసభ సిఫారసు చేస్తే, కారణం రాయకుండ పై కమిటీ తోసిపుచ్చొద్దు. ఫలానా కాగితమే తెమ్మని పట్టుబట్టొద్దు. "శాటిలైట్ ఫోటోల మీ ఇల్లు కనపడ్తలేదు" అని ఒక మాట ఈ మధ్య మస్తు వినపడుతుంది. ఆ ఫోటో మిగతా సాక్ష్యాలకు తోడుగా పనికొస్తది తప్ప వాటి బదులు కాదు అని కూడా 12ఎ లోనే రాసి ఉంది. తాటాకు కప్పు మీద చెట్టు కొమ్మ వాలి ఉంటే ఆకాశం నుంచి ఏం కనపడతది?

ఇక తోసిపుచ్చిన్రే అనుకోండి. ఆ సంగతి, దానికి కారణాలు దరఖాస్తుదారుకు స్వయంగ తెలియజేయాలె. గ్రామసభ తీర్మానం మీద అభ్యంతరం ఉంటే ఆర్డీవో అధ్యక్షుడిగా ఉండే సబ్ డివిజన్ కమిటీకి 60 రోజుల్లో పోవాలె. ఆ కమిటీ నిర్ణయం మీద కలెక్టర్ అధ్యక్షుడిగా ఉండే జిల్లా కమిటీకి ఇంకో 60 రోజుల్లో పోవాలె. మన మాట వినకుండ మనకు వ్యతిరేకంగ తేల్చొద్దు. ఈ 60 రోజుల లెక్క ఎప్పటినుంచి మొదలైతది? నిర్ణయం తారీఖు నుంచి. నోటిమాటకు తారీఖు ఎక్కడిది? "మీది ఎప్పుడో రిజెక్ట్ అయింది" అని రెండేండ్ల తర్వాత చెప్పుడు ఎంత పెద్ద అన్యాయమో దీన్నిబట్టి చూడండి. మనకు తెల్వకుండనే అప్పీలు గడువు పుట్టి, చచ్చిపోతది.

ఇదేదో మన మూడు మండలాల గోల అనుకోకండి. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, క్లెయిములు తిరస్కరణ అయినోళ్లను అడవుల నుంచి ఖాళీ చేయించమన్నది. తెలంగాణ కూడా ఆ రాష్ట్రాల్లో ఉంది. దేశమంతా గోల లేస్తే అదే నెల 28న ఆ ఉత్తర్వు ఆపి, రాష్ట్రాలను అడిగింది: మీరు ఏ పద్ధతిల తిరస్కరించిన్రు, సరిగ్గ జరిగిందా లేదా చెప్పండి అని. లక్షల కుటుంబాల బతుకు చివరికి ఆ ఒక్క ప్రశ్న మీద ఆగింది. పద్ధతి పాటించిన్రా లేదా అనేది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఇందిరమ్మ ఇండ్లు వచ్చినయ్. 2024 మార్చి 11న భద్రాచలంల మొదలుపెట్టిన్రు, ఇంటికి 5 లక్షలు. 400 చదరపు అడుగులకు తక్కువ కాకుండ, 600 దాటకుండ కట్టాలె. పాత ఇంటికి ఒక అర్ర కలుపుకుంట అంటే దీంట్ల కుదరదు, కొత్త ఇల్లే కట్టాలె. బేస్‌మెంట్ 600 దాటితే బిల్లు ఆగుతది. ఇద్దరు కొడుకులు, ముసలి తల్లిదండ్రులు ఉన్న ఇంటికి 600 అడుగులు ఏ మూలకు? అది కూడా జాగ మీద కాగితం ఉన్నోడికే. మొదటి గడి ఖాళీగ వదిలిన ఇల్లు ఇక్కడ కూడ వెనకవడతది.

"అందరూ తలా ఒక అర్ర వేసుకుంటే అడవి ఏం కావాలె?" అని అడిగేటోళ్లు ఉన్నరు. వాళ్లలో మంచోళ్లు కూడ ఉన్నరు, వాళ్లకు జవాబు చెప్పాలె. మన పన్నెండు బై పది అర్ర 120 చదరపు అడుగులు. ఎకరం అంటే 43,560. ఒక్క ఎకరంల ఇసొంటి అర్రలు 363 పడతయ్. మన గూడెంలో ఉన్న ఇండ్లన్నిటికీ తలా ఒకటి వేసినా ఎకరం నిండదు, అది కూడ ఎప్పటినుంచో వాకిలిగ ఊడ్చి అలికిన జాగలనే. ఒక గనికి, ఒక కాలువకు ఎన్ని ఎకరాలు ఇస్తున్నరో చూసి మాట్లాడితే బాగుంటది.

సరే, ఏం చేయాలె అంటరా? దరఖాస్తు రాతపూర్వకంగ ఇయ్యండి. రెండో కాపీ మీద ముద్ర, తారీఖు, సంతకం తీసుకోండి. తీసుకోనంటే రిజిస్టర్డ్ పోస్టుల పంపండి, ఆ రసీదే మీ సాక్ష్యం. "కుదరదు" అంటే "మంచిది సార్, అదే ముక్క రాసియ్యండి" అనండి. కొట్లాట వద్దు, గొంతు పెంచొద్దు. రాయకపోతే ఆర్టీఐ వేయండి. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) ప్రకారం, ఒక నిర్ణయం వల్ల ఎవరికి దెబ్బ తగిలిందో వాళ్లకు దాని కారణాలు చెప్పడం ప్రతి ఆఫీసు బాధ్యత. 30 రోజుల్లో జవాబు రావాలె. రాకపోతే అదే ఆఫీసుల పై అధికారికి మొదటి అప్పీలు. సోమవారం ప్రజావాణికి పోయేటప్పుడు కూడ ఈ కాగితాలే పట్టుకపోండి, వట్టి చేతుల్తో పోతే "చూస్తం" అనే మాటనే తెచ్చుకుంటరు.

గోడ కూలగొడతం అని వస్తే సెక్షన్ 4(5) చూపించండి. హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా అడవిల బతికే ఆదివాసీని ఆధీనంల ఉన్న భూమి నుంచి తీసేయొద్దని అందులో ఉన్నది. ఈ సెక్షన్ ఉండంగనే 2022 జులైలో మంచిర్యాల జిల్లా కోయపోచగూడెంల ఆడోళ్లు వేసుకున్న గుడిసెలు పీకేసిన్రు. చట్టం ఉన్నంత మాత్రాన గోడ నిలబడదు. ఊరంతా గ్రామసభ తీర్మానం కాపీ పట్టుకొని గోడ ముంగట నిలబడాలె.

ఇంట్ల ట్రంకుపెట్టెలనో, దేవుని పటం వెనకనో ఫారం-ఎ జిరాక్స్ ఉంటది. ఇయ్యాళనే తీసి చూడండి. మొదటి గడిల ఏమన్న రాసి ఉందా? ఖాళీగ ఉంటే మీ ఊరు పేరు, మండలం పేరు కింద కామెంట్ల పెట్టండి. ఊర్ల వారీగ జాబితా చేసి, వచ్చే గ్రామసభల ముందు పెడదాం.