ఏ బీచ్‌కి వెళ్దాం?

మా విస్సన్నపేటలో చెరువులో ఈత నేర్చుకుని, సముద్రం కూడా పెద్ద చెరువే అనుకున్న బాపతు నేను. కాలేజీ రోజుల్లో సూర్యలంకలో నడుంలోతు నీళ్ళలో నుంచుంటే ప్రవాహం లోపలికి లాక్కుపోయింది. ఓ జాలరి తాత పట్టుకున్నాడు కాబట్టి ఉన్నా!

మధ్యధరా దీవుల్లో అయితే గాలి ఇటు వీస్తే అటువైపు, కొండల చాటున్న బీచ్‌కి పోతారు. మన కృష్ణా, బాపట్ల తీరాల్లో ఆ చాటు లేదు. హంసలదీవిలో కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోటు చూడ్డానికే, దిగడానికి కాదు.

అలల మధ్య ప్రశాంతంగా కనిపించే పాయని అస్సలు నమ్మొద్దు, నీళ్ళు వెనక్కిపోయే దారి అదే కావచ్చు. చిక్కుకుంటే ఎదురీదకండి, ఒడ్డు వెంబడి పక్కకి ఈదండి.

హోటల్‌కి పది రివ్యూలు చదువుతాం కదా, బీచ్‌లో గజఈతగాళ్ళున్నారో లేదో ఒక్కసారి కనుక్కోలేమా?