వలందుల సమాధులు

బందరుకు వచ్చిన యాత్రికులు మంగినపూడి తీరాన స్నానమాచరించి, చిలకలపూడి పాండురంగని దర్శించి, లడ్డూలు కొనుక్కొని తిరిగి వెళతారు. ఊరిలోని వలందుల శ్మశానవాటికను చూసేవారు అరుదు. ఐరోపా చరిత్రపై ఆసక్తితో వచ్చిన విదేశీయుడు దారి అడిగితే మనలో ఎందరము చెప్పగలము?

వలందులంటే హాలండు దేశస్థులు, డచ్చివారు. గోల్కొండ సుల్తాను అనుమతితో 1606లో ఇక్కడ వర్తకశాల నెలకొల్పారు. ఆంగ్లేయులు 1611లో వచ్చారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచిపేట అన్న పేర్లు ఆనాటి రాకపోకలకు గుర్తులు. డచ్చివారి సమాధుల రాతిపలకలపై వంశచిహ్నాలు, వారి భాషలో మృతుల వివరాలు చెక్కి ఉన్నాయి. కేంద్ర పురావస్తు శాఖ వాటిని రక్షిత కట్టడాలుగా గుర్తించింది.

పరాయి వర్తకుల గోరీలు మనకెందుకని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. వారు పుణ్యానికి రాలేదు, బట్ట కోసం వచ్చారు. ఇక్కడి అద్దకపు బట్టలను కొని, తూర్పు దీవులలో సుగంధ ద్రవ్యాలకు మారకం వేశారు. కొన్నవారి పేర్లు రాతిమీద నిలిచాయి. రంగులద్దినవారి పేర్లు ఏ రాతిమీదా లేవు. అందుచేత సమాధులను మాత్రమే చూపి యాత్రికుని సాగనంపడం సగం చరిత్ర చెప్పడమేనని నా అభిప్రాయం. అక్కడినుండి అతనిని చేరువనే ఉన్న పెడనకు తీసుకొని పోవాలి. కరక్కాయ, పాలు పట్టించి ఆరవేసిన బట్టపై కొయ్య అచ్చుతో నల్లని గీత పడే విధము, పటిక అద్దినచోట మాత్రమే ఎరుపు పట్టుకొనే తీరు చూపాలి. శ్మశానవాటిక వాకిట పెడనకు దారి తెలిపే ఫలకమొకటి నిలపడానికి ఎంత వ్యయమవుతుంది?