ఆట మధ్యలో లేచిపోతే కార్డు ఎవరిది?



మీ పిల్లల స్కూల్ బ్యాగ్‌లో, టిఫిన్ బాక్స్ పక్కన రబ్బరు బ్యాండ్ వేసిన కార్డుల కట్ట ఎప్పుడో ఒకసారి మీ కంటపడే ఉంటుంది. పోకెమాన్ కావచ్చు, క్రికెటర్ల కార్డులు కావచ్చు, పెద్ద క్లాసుల్లో అయితే మ్యాజిక్: ద గాదరింగ్ కావచ్చు. "ఇవి ఎంత పెట్టి కొన్నావు?" అని అడుగుతాం. "ఇందులో నీవి ఎన్ని?" అని మాత్రం అడగం. ఈ రెండో ప్రశ్న కోసమే ఈ నెల ఈ పేజీ తీసుకున్నాను. లెక్కలు చెబుతూ, బోర్డ్ గేమ్స్ క్లబ్ కూడా చూసుకునే టీచర్‌గా నేను చూసిందేమిటంటే, స్టాఫ్ రూమ్ దాకా వచ్చే కార్డుల తగాదాల్లో ఎవరు గెలిచారన్నది దాదాపు ఎప్పుడూ సమస్య కాదు. ఆ కార్డు ఎవరిదన్నదే సమస్య.

మన ఇళ్లలో ఆడే పేకకు, వీటికి ఒక పెద్ద తేడా ఉంది. పేక కట్ట ఇంటికంతటికీ ఒక్కటే. ఆట అయిపోగానే ముక్కలన్నీ కలిపి డబ్బాలో పెట్టేస్తాం. ఈ ఆటల్లో ఎవరి కట్ట వాళ్లే తెచ్చుకుంటారు. ప్యాకెట్ చింపేదాకా లోపల ఏ కార్డు ఉందో తెలియదు. అరుదుగా వచ్చేదానికి విలువ ఎక్కువ. అంటే ఆడే వస్తువే ఆస్తి కూడా. ఆటలో పోయిందా, నిజంగానే పోయిందా అన్న గందరగోళం అక్కడే మొదలవుతుంది.

గోళీలాడిన తరానికి ఇది కొత్త కాదు. "ఉత్తుత్తి ఆటా, నిజం ఆటా?" అని ముందే తేల్చుకుని కూర్చునేవాళ్లం. నిజం ఆటయితే ఓడినవాడి గోళీలు గెలిచినవాడి జేబులోకి పోయేవి. రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన మ్యాజిక్ 1993లో వచ్చినప్పుడు దాని నిబంధనల్లోనూ ఈ "నిజం ఆట" ఉంది. ఆట మొదలయ్యే ముందు ఇద్దరూ తమ కట్టలోంచి చూడకుండా ఒక్కో కార్డు తీసి పక్కన పందెంగా పెడతారు. గెలిచినవాడు రెండూ ఇంటికి తీసుకెళ్తాడు. పందెం మీదే పనిచేసే కార్డులు తొమ్మిది అచ్చయ్యాయి. 1995 తర్వాత అలాంటివి మళ్లీ వేయలేదు. ఆ తొమ్మిదింటికీ టోర్నమెంట్లలో నిషేధం ఉంది. గోళీ పోతే ఇంకో గోళీ కొనుక్కోవచ్చు, అరుదైన కార్డు పోతే మళ్లీ దొరకదు. ఆ రెండూ ఒకే రకం పందెం కావు.

పోకెమాన్ తయారుచేసినవాళ్లు ఈ విషయంలో తెలివిగా వెళ్లారని నా అభిప్రాయం. అందులో "ప్రైజ్ కార్డులు" అని ఆరు ఉంటాయి. ఎదుటివాడి పోకెమాన్‌ని పడగొట్టినప్పుడల్లా ప్రైజ్ తీసుకుంటారు. పేరు వింటే ఎదుటివాడి కార్డు గెలుచుకున్నట్టు ఉంటుంది గానీ, ఆ ఆరూ ఎవరి కట్టలోంచి వాళ్లు పక్కన పెట్టుకున్నవే. గెలిచిన ఆనందం ఉంటుంది, ఒక్క కార్డు కూడా చేతులు మారదు. మీ పిల్లలు "ప్రైజ్ గెలిచాను" అంటూ పక్కవాడి కార్డుతో ఇంటికొస్తే మాత్రం అది ఆట రూల్ కాదు, ఇంకేదో జరిగిందని తెలుసుకోండి.

చట్టం మాట కూడా ఒకటి చెప్పాలి. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ చట్టం ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. మైనర్లకు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. కాబట్టి "ఓడిపోతే ఇస్తానన్నావు కదా" అన్న మాటకు ఏడో తరగతిలో ఎంత బరువున్నా, బయట లేదు.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. మ్యాజిక్ నిబంధనలు ప్రతి కార్డుకూ ఇద్దరిని గుర్తిస్తాయి. ఒకరు ఓనర్, ఇంకొకరు కంట్రోలర్. ఆట మొదలైనప్పుడు ఎవరి కట్టలో ఉందో వాళ్లు ఓనర్. ప్రస్తుతం దాన్ని ఎవరు నడిపిస్తున్నారో వాళ్లు కంట్రోలర్. మంత్రం వేసి ఎదుటివాడి డ్రాగన్‌ని నా వైపు లాక్కుంటే నేను కంట్రోలర్‌నే అవుతాను, ఓనర్‌ని కాను. ఆ డ్రాగన్ చచ్చిపోతే వాడి కార్డుల గుట్టలోకే వెళ్లాలి, నా గుట్టలోకి కాదు. ఇద్దరే ఆడుతున్నప్పుడు దీనితో పేచీ లేదు. ఒకడు తప్పుకుంటే ఆటే అయిపోతుంది.

నలుగురు ఆడేటప్పుడే పేచీ. కమాండర్ అనే పద్ధతిలో తలా వంద కార్డులతో సాధారణంగా నలుగురు కూర్చుంటారు. ఉత్తరం వైపు అబ్బాయి డ్రాగన్‌ని తూర్పు వైపు అమ్మాయి లాక్కుంది, దాని చుట్టూ వ్యూహమంతా కట్టుకుంది. ఉత్తరం అబ్బాయికి ఒళ్లు మండి "నేను ఆడను" అని లేచాడు. నిబంధన ప్రకారం ఆటలోంచి తప్పుకున్నవాడి కార్డులన్నీ, ఎవరి చేతిలో ఉన్నా, ఆ క్షణమే బయటికి వెళ్లిపోతాయి. డ్రాగన్ మాయం. తూర్పు అమ్మాయి ఖాళీ చేతులతో మిగిలింది. "సార్, వాడు కావాలనే లేచాడు సార్!" "నా కార్డే కదా సార్!" ఇద్దరూ చెప్పేది నిజమే.

చాలామంది పిల్లలు అమ్మాయి పక్షం వహిస్తారు. ఆమె తెలివితో సంపాదించుకుంది, అతను కోపంతో చెడగొట్టాడు. ఆట అయ్యేదాకా కార్డు అక్కడే ఉండాలి అంటారు. నాకైతే ఉన్న నిబంధనే న్యాయమనిపిస్తుంది. నలుగురి ఆట గంటకు పైగా సాగుతుంది. మన స్కూల్ బస్సు ఆగదు. గేటు దగ్గర అమ్మమ్మ ఎదురుచూస్తుంటుంది. "ఇంకొకరు వాడుకుంటున్నారు, నీ కార్డు ఇక్కడే వదిలి వెళ్లు" అని పిల్లాడికి చెప్పడమంటే, కాసేపు చేతిలో ఉన్నంత మాత్రాన వస్తువు మీద హక్కు వచ్చేస్తుందని చెప్పినట్టే. పైగా ఆ నిబంధనకు రెండో సగం కూడా ఉంది, పిల్లలు దాన్ని మరిచిపోతారు. తప్పుకున్నవాడు ఇతరుల దగ్గర లాక్కున్నవి వాళ్లకే తిరిగి వెళ్లిపోతాయి. తనది తీసుకెళ్తాడు, పరాయిది వదిలేస్తాడు.

అలాగని అమ్మాయి బాధ వట్టిది కాదు. ఆమె దెబ్బతిన్నది కార్డు వెళ్లిపోవడం వల్ల కాదు, వెళ్లిన సమయం వల్ల. కాబట్టి హక్కును కాదు, సమయాన్ని సరిచేయాలి. అసలు నిబంధనల్లో ఎవరైనా ఎప్పుడైనా ఓటమి ఒప్పుకుని తప్పుకోవచ్చు. చాలామంది ఆటగాళ్లు తమలో తాము ఒక కట్టుబాటు పెట్టుకుంటారు: తప్పుకోవాలంటే నీ వంతు వచ్చినప్పుడు, మధ్యలో ఏ మంత్రమూ పెండింగ్‌లో లేనప్పుడు తప్పుకో. మా క్లబ్‌లోనూ అదే పాటిస్తున్నాం. బస్సు వచ్చేస్తే మాత్రం మినహాయింపు. అప్పటికే వెళ్లేవాడి మీద వేసిన దెబ్బ తగిలినట్టే లెక్క. పోట్లాటలు పూర్తిగా ఆగాయని చెప్పను గానీ, ఇప్పుడవి డ్రాగన్ గురించి కాకుండా బస్సు నిజంగా వచ్చిందా లేదా అన్నదాని గురించి జరుగుతున్నాయి.

ఓనర్ అన్న మాటలో ఇంకో మెలిక ఉంది. మీ అమ్మాయి తన స్నేహితురాలి కట్ట అప్పు తీసుకుని ఆడితే, ఆట నిబంధనల దృష్టిలో ఓనర్ మీ అమ్మాయే. ఆట లెక్కకు అది సరిపోతుంది. ఆట అయ్యాక ఆ కట్ట స్నేహితురాలిది. నిజం చెప్పాలంటే, డబ్బు కట్టిన వాళ్ల నాన్నది. ఇంట్లో ఈ రెండు లెక్కలూ వేరని ఒకసారి విడమరిచి చెప్పండి. కట్టకో రంగు ప్లాస్టిక్ కవర్లు తొడిగిస్తే ఎవరి కార్డు ఎవరి గుట్టలో కలిసిందో ఇట్టే తెలిసిపోతుంది. మార్పిడి చేసుకుంటే, ఇద్దరి ఇళ్లలోనూ చెప్పి మర్నాడు ఖాయం చేసుకోమనండి. మూడు మెరిసే కార్డులిచ్చి ఒక అరుదైన కార్డు పట్టుకెళ్లే నాలుగో తరగతి వ్యాపారులు మన దగ్గర ఉన్నారు.

ఫోన్‌లో ఆడే కార్డుల సంగతి వేరు. అక్కడ మీ పిల్లలు ఓనర్లే కారు, డబ్బు పెట్టినా సరే. హార్త్‌స్టోన్ 2014లో వచ్చింది. అందులో కార్డుల్ని స్నేహితుడికి ఇవ్వడం, మార్చుకోవడం కుదరదు. 2023 జనవరిలో కంపెనీల మధ్య ఒప్పందం ముగిసి చైనాలో ఆ ఆట సర్వర్లు ఆగిపోయాయి. అక్కడి ఆటగాళ్లు ఏళ్ల తరబడి కూడబెట్టిన కార్డులు తెర మీద కనిపించకుండా పోయాయి. 2024లో మళ్లీ తెరిచారు, అది వాళ్ల అదృష్టం. అట్ట కార్డుకు సర్వర్ అక్కర్లేదు. ఫోన్‌లో ప్యాకెట్ కొనిపెట్టమని అడిగినప్పుడు, అది కొనడం కాదు, అద్దెకు తీసుకోవడం అని చెప్పాకే కార్డు నంబర్ కొట్టండి.

ఇక స్కూలు వైపు చూడాలి. క్లాసులో కార్డులు బయటికి తీస్తే టీచర్ తీసేసుకుంటారు. అది సరైనదే. కానీ ఆ క్షణం నుంచి టీచర్ కంట్రోలర్ మాత్రమే, ఓనర్ కారు. డెస్క్ సొరుగులో పడి, టర్మ్ మారాక ఎవరివో తెలియకుండా పోయే కట్టల విషయంలో పిల్లలకున్న ఫిర్యాదు న్యాయమైనదే. తీసుకున్న రోజే కవరులో పెట్టి, పేరు, సెక్షన్, కార్డుల సంఖ్య రాసి, పిల్లాడి సంతకం తీసుకుని, వారాంతంలో పేరెంట్ చేతికి ఇవ్వాలని మా బ్రాంచ్‌లో అడిగాను. వచ్చే పేరెంట్–టీచర్ మీటింగ్‌లో ఇది చర్చకు వస్తుంది. మీ పిల్లల కార్డులు ఇంతకుముందు ఏ టీచర్ దగ్గరైనా ఉండిపోయి ఉంటే, డైరీలో రాసి పంపండి. ఎన్ని కార్డులో కూడా రాయండి.