చిన్న సముద్రపు అక్వేరియంలో వడపోత: పరికరం కొనే ముందు వేయవలసిన లెక్క

సముద్రపు అలంకార చేపల పెంపకంపై సలహా కోసం వచ్చే యువకులు మొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒక్కటే: "ఈ ట్యాంకుకు ఇంకా మంచి ఫిల్టరు ఏది సార్?" వారి దగ్గర ఉండేది సాధారణంగా 40 నుంచి 60 లీటర్ల గాజు తొట్టి. వెనుక గోడకు ఆనుకొని మూడు సన్నని గదులు ఉంటాయి. మొదటి గదిలో స్పాంజి, రెండవ గదిలో పింగాణీ రింగులు, మూడవ గదిలో నీటిని తిరిగి ముందుకు తోసే పంపు అమర్చి ఉంటాయి. అన్నీ ఒకే పెట్టెలో ఇమిడిన ఈ తొట్టి చూపునకు ముచ్చటగా ఉంటుంది. రెండు మూడు నెలలు బాగానే నడుస్తుంది. ఆ తరువాత గోడలకు నాచు పడుతుంది, చేపలు మేత వదిలేస్తాయి. అప్పుడు ఫిల్టరు మీద అనుమానం మొదలవుతుంది.

ఆ ప్రశ్నకు మనం పరికరం పేరు చెప్పి పంపడం సరికాదని ఈ రచయిత అభిప్రాయం. ముందు ఒక చిన్న లెక్క చేయించాలి.

తొట్టిలో గాజు, రాళ్లు పోగా 40 లీటర్ల నీరు ఉన్నదనుకుందాం. చేప పిల్లలకు రోజుకు ఒక గ్రాము మేత వేస్తున్నారు. మేతలో మాంసకృత్తులు 45 శాతం ఉంటే, అందులో నత్రజని సుమారు 72 మిల్లీగ్రాములు. దానిలో సగం అమ్మోనియాగా నీటిలో చేరిందనుకుంటే అది 36 మిల్లీగ్రాములు, అంటే లీటరుకు 0.9 మిల్లీగ్రాములు. ఇది ఒక్క రోజు లెక్క. సముద్రపు నీటి పీహెచ్ 8.2, ఉష్ణోగ్రత 28 డిగ్రీలు ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో పదో వంతుకు కొంచెం తక్కువ విషరూపంలో ఉంటుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటిలో ఆ భాగం వందో వంతు కూడా ఉండదు. మంచినీటి చేపలు పెంచి చేయి తిరిగినవారు సముద్రపు తొట్టిలో తడబడటానికి ఒక ప్రధాన కారణం ఇదే.

ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా రాళ్ల మీద, రింగుల మీద స్థిరపడతాయి. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి అవి సుమారు 4.6 గ్రాముల ఆక్సిజన్‌ను, 7.1 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారతను ఖర్చు చేస్తాయి. 28 డిగ్రీల సముద్రపు నీటిలో కరిగి ఉండగలిగే ఆక్సిజనే లీటరుకు దాదాపు 6.4 మిల్లీగ్రాములు. కనుక జీవ వడపోత చేపలతో పాటు ఊపిరి పీల్చే మరొక ప్రాణి అని విద్యార్థులకు చెప్పాలి. దానికి గాలి, నీటి ప్రవాహం నిరంతరం అందాలి.

అసలు చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది. రింగులు ఎన్ని పెంచినా నత్రజని తొట్టిలోనే ఉండిపోతుంది, రూపం మాత్రం మారుతుంది. లీటరుకు 0.9 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని పూర్తిగా మారితే సుమారు 4 మిల్లీగ్రాముల నైట్రేట్ వస్తుంది. వారానికి 28. వారానికోసారి ఐదో వంతు నీరు మారుస్తున్నామని సంతృప్తి పడతాం. కానీ వారానికి 28 చేరుతూ, ఉన్నదానిలో ఐదో వంతు మాత్రమే బయటకు పోతుంటే, నైట్రేట్ పెరుగుతూ పోయి నీరు మార్చే ముందు 140 దగ్గర నిలుస్తుంది. మేత సగానికి తగ్గిస్తే అది 70 దగ్గర నిలుస్తుంది. రాళ్ల లోపలి పొరల్లో కొంత నైట్రేట్ వాయువుగా మారిపోయే మాట నిజమే, చిన్న తొట్టిలో దానిపై ఎక్కువ ఆధారపడలేము. కాబట్టి వడపోతను మెరుగుపరచడమంటే నత్రజనిని తొట్టి నుంచి బయటకు పంపడం. అమ్మకపు మాటల్లో వినిపించే "శక్తిమంతమైన ఫిల్టరు" అనేది ఈ లెక్కలో ఎక్కడా ఇమడదు.

అందువల్ల మొదటి మార్పు అతి చవకైనది. మందపాటి స్పాంజిని తీసివేసి, ఆ స్థానంలో పలుచని దూది పొరను పెట్టి రెండు మూడు రోజులకోసారి పారవేయాలి. నెలల తరబడి ఉంచిన స్పాంజిలో చిక్కిన మేత, మలం అక్కడే కుళ్లి నీటిలో కరుగుతాయి. బయటకు వెళ్లవలసినది లోపలే ఉండిపోతుంది. ఈ విషయంలో స్వానుభవం ఒకటి చెప్పుకోవాలి. శిక్షణ తరగతి కోసం పెట్టిన తొట్టిని, సందర్శకులు వస్తున్నారని ముందురోజు శుభ్రం చేస్తూ స్పాంజిని, రింగులను రెండింటినీ క్లోరిన్ కలిసిన కుళాయి నీటిలో కడిగాను. నీరు అద్దంలా మెరిసింది. మూడవ రోజుకు ఒక్క చేప మిగల్లేదు. తప్పు పూర్తిగా నాదే. రింగులను కడగవలసి వస్తే తొట్టి నుంచి తీసిన నీటితోనే, అదీ పైపైన కడగాలి.

రెండవది ప్రొటీన్ స్కిమ్మర్. ఉప్పునీటిలో ఏర్పడే సన్నని బుడగలకు సేంద్రియ పదార్థం అంటుకుని నురుగుగా పైకి వస్తుంది. కుళ్లి అమ్మోనియా కాకముందే దానిని తీసివేయడం దీని గొప్పతనం. అయితే వెనుక గదుల్లో దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. ముందు భాగంలోను, మొదటి రెండు గదుల్లోను నీటి మట్టాన్ని అడ్డుగోడలే నిర్ణయిస్తాయి. ఆవిరైన నీటి లోటు పంపు ఉన్న చివరి గదిలో మాత్రమే కనిపిస్తుంది. స్కిమ్మర్‌ను ఆ గదిలో పెడితే మట్టం మారినప్పుడల్లా నురుగు మారుతుంది, మొదటి గదిలో పెడితే నిలకడగా పనిచేస్తుంది. చివరి గది గాజుపై ఒక గీత గీసి, మట్టం తగ్గినంత మేర ఉప్పులేని నీరే పోయాలి. 50 లీటర్లలో ఒక లీటరు ఆవిరైతే 35 ఉన్న లవణీయత 35.7 అవుతుంది, అలా నాలుగు రోజులు వదిలితే 38 వరకు వెళుతుంది.

మూడవది సముద్రపు నాచు. మధ్య గదిలో గ్రాసిలేరియా వంటి నాచును పెంచి, ముందు దీపం ఆరిన తరువాత దానికి వెలుగు ఇస్తే రాత్రిపూట పీహెచ్ పడిపోవడం తగ్గుతుంది. పెరిగిన నాచును కోసి బయట వేసినప్పుడే నత్రజని బయటకు పోయినట్లు. కోయకుండా వదిలేసే నాచు వల్ల ప్రయోజనం లేదు.

పరికరాల బలం లేకుండానే ఈ పని సాగిన చరిత్ర ఉన్నది. జకార్తాకు చెందిన లీ చిన్ ఇంగ్ 1961లో ప్రచురించిన వ్యాసంలో జీవమున్న రాళ్లు, సముద్రపు నీరు, గాలి బుడగలు, వెలుతురుతోనే తొట్టెలు నడిపే పద్ధతిని వివరించాడు. ఆయనకు శుభ్రమైన సముద్రం దగ్గరలో ఉన్నది. మనకు దగ్గరలో ఉన్న సముద్రం అన్ని కాలాల్లో ఒకే తీరుగా ఉండదు.

కళింగపట్నం వద్ద వంశధార సముద్రంలో కలుస్తుంది. వరద రోజుల్లో తీరపు నీరు ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది. దీనికి తోడు, వర్షాకాలం ముగిసే వేళకు తీర ప్రవాహం దిశ మార్చుకుని ఉత్తరాన గంగా, బ్రహ్మపుత్ర నదుల నీరు కలిసిన తేలిక ఉప్పునీటిని మన తీరం వెంట దిగువకు తెస్తుంది. ఏప్రిల్‌లో 34 దగ్గర ఉండే లవణీయత అక్టోబరులో 30 కంటే బాగా తగ్గవచ్చు. ఆ నీటిని అలాగే పోస్తే చేపలకు ఒత్తిడి, క్షారత తక్కువ, స్కిమ్మర్‌లో నురుగు కూడా పలచబడుతుంది. ఫిల్టరు చెడిపోయిందని అప్పుడు అనుకుంటారు. నీరు పాటు వేళ కాక పోటు వేళ, నదీముఖానికి దూరంగా పట్టుకోవాలి. తేర్చి, క్లోరిన్‌తో శుద్ధి చేసి, ఆ క్లోరిన్ పూర్తిగా పోయిందని పరీక్షించిన తరువాతే వాడాలి. ఉత్తర కోస్తాలోని రొయ్యల హేచరీల్లో ఇది నిత్యకృత్యం. అక్కడ పనిచేసిన కుర్రవాడికి ఈ విషయంలో మనకంటే ఎక్కువే తెలుసు.

పగడాల సంగతి కూడా స్పష్టంగా చెప్పాలి. ఉత్తర కోస్తా తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేవు. రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలో రక్షిత జీవులు. కాబట్టి మన శిక్షణలో తొట్టి అంటే హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలు, కృత్రిమ రాళ్లు అనే అర్థంలోనే మాట్లాడాలి.

ఇది సంపన్నుల సరదా అని, మన సమయం దీనికి వెచ్చించనక్కర లేదని కొందరు సహోద్యోగుల అభిప్రాయం. నేను ఏకీభవించను. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకార చేపల యూనిట్లకు, సముద్రపు రకాలతో సహా, సాయం ఉన్నది. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి యూనిట్ వ్యయంలో 60 శాతం, ఇతరులకు 40 శాతం రాయితీ. మిగిలిన భాగం లబ్ధిదారు అప్పు తెచ్చి పెట్టేది. గార మండలంలోని ఒక మత్స్యకార కుటుంబం అలా తెచ్చిన సొమ్ములో సగం మెరిసే పరికరాలకు పోయి, 30 చేపలు ఒక్క రాత్రిలో చనిపోతే, వారు మళ్లీ మన దగ్గరకు రారు.

కనుక యూనిట్ సామగ్రి జాబితాలో ఫిల్టరు కంటే ముందు అమ్మోనియా, నైట్రేట్ పరీక్షా కిట్లు, ఒక రిఫ్రాక్టోమీటరు, ఒక నోటు పుస్తకం రావాలని నా ప్రతిపాదన. ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేసి, రెండు వారాల అంకెలు రాసిన తరువాతే రెండవ మార్పుకు వెళ్లాలి. నైరా వ్యవసాయ కళాశాలలోనో, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలోనో ఇలాంటి తొట్టి ఒకటి పెట్టి, విద్యార్థులతోనే ఆ పుస్తకం రాయించవచ్చు.

ఆ జాబితాలో మరొక వస్తువు కూడా చేర్చాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం తీరాన్ని దెబ్బతీసినప్పుడు ఎన్నో గ్రామాలకు రోజుల తరబడి కరెంటు లేదు. పంపు ఆగిన కొన్ని గంటల్లోనే వెనుక గదిలోని బాక్టీరియాకు ఆక్సిజన్ అందదు. కరెంటు వచ్చాక ఆ కుళ్లిన నీరు నేరుగా చేపల మీదికి వెళుతుంది. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి దగ్గర ఉంచుకుని, కరెంటు పోగానే దాని గొట్టాన్ని రెండవ గదిలో, రింగుల కిందికి దించాలి.